తెలిసినవాళ్లింట్లో బ్లడ్ క్యాన్సర్ అని తెలిస్తే మనం చేయాల్సిన పనులు

బ్లడ్ క్యాన్సర్ అన్న మాట ఒక ఇంట్లో పడిన వారం ఆ ఇంటి ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చుట్టాలు, స్నేహితులు, ఆఫీసువాళ్లు అందరూ "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. మూడో నెల వచ్చేసరికి ఆ ఫోన్లు పలచబడతాయి. చికిత్సకు మాత్రం ఇంకా చాలా దూరం ఉంటుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, ఆస్పత్రుల్లో ఏఎల్ఎల్ అంటారు, దానికి రెండు నుంచి మూడేళ్లు మందులు వాడాలి. ఆ కుటుంబానికి మనుషుల అవసరం అందరూ వచ్చి వెళ్లిపోయాకే మొదలవుతుంది.

పక్కింటివాళ్లు, మేనమామలు, పిన్నులు, క్లాస్ టీచర్లు, తోటి ఉద్యోగులు, ఊళ్లో నలుగురిలో మాట చెల్లేవాళ్లు ఏం చేయగలరో ఇక్కడ వరసగా చెబుతాను. వైద్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. వాళ్ల చేతిలో లేని పనులు చాలా ఉన్నాయి.

ముందుగా: జబ్బును త్వరగా పట్టుకోవడానికి

మన దగ్గర ప్లేట్‌లెట్లు పడిపోయాయనగానే డెంగీ అనుకుంటాం. వానాకాలంలో చాలాసార్లు అది నిజమే. డెంగీ అయితే జ్వరం దిగాక కొద్ది రోజుల్లో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. పెరగలేదంటే, లేదా ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్ కూడా బాగా తగ్గిందంటే, తెల్లకణాలు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో ఉన్నాయంటే, ఇంకో వారం చూద్దామని కూర్చోకండి. రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్షతో పాటు పెరిఫెరల్ స్మియర్ కూడా చేయమని అడగండి. ఒక చుక్క రక్తాన్ని గాజుపలక మీద పరిచి పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూసే పరీక్ష అది. ఖర్చు తక్కువ, జిల్లా కేంద్రాల్లో దొరుకుతుంది. చాలామందిలో అనుమానం మొదట అక్కడే బయటపడుతుంది. ఖాయం చేయడానికి తర్వాత తుంటి ఎముక నుంచి మజ్జ తీసి పరీక్షిస్తారు.

గమనించాల్సినవి ఇవి. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే జ్వరం, మనిషి పాలిపోవడం, రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లగా కమిలిన మచ్చలు, కాళ్ల మీద సూదిమొనంత ఎర్రటి చుక్కలు, చిగుళ్లలోంచి, ముక్కులోంచి రక్తం. పిల్లలైతే కాళ్లు నొప్పులంటూ రాత్రిళ్లు ఏడవడం, నడవనని మారాం చేయడం. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని గడ్డలు, రాత్రి బట్టలు తడిసేంత చెమట, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్, ఉందేమో చూడాలి. యాభై దాటినవాళ్లలో తగ్గని నడుంనొప్పి, రక్తం తక్కువగా ఉండటం, కిడ్నీ పరీక్షల్లో తేడా, ఈ మూడూ కలిసి వస్తే మైలోమా, అంటే ఎముక మజ్జలో పుట్టే ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్, ఉందేమో చూడమని అడగాలి. నడుంనొప్పిని వయసు మీదకు తోసేసి నెలల తరబడి నొప్పి బిళ్లలు మింగేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ బిళ్లలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి.

ఈ లక్షణాల్లో చాలావాటికి మామూలు కారణాలే ఎక్కువ. భయపడాల్సిన పని లేదు, పరీక్ష చేయించుకోవాలి, అంతే.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. జ్వరం తగ్గడం లేదని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. వేసుకున్న సాయంత్రానికి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ లుకేమియాను, లింఫోమాను స్టెరాయిడ్ కొద్దికాలం అణిచిపెడుతుంది. తర్వాత చేసే మజ్జ పరీక్షలో, గడ్డ ముక్క పరీక్షలో జబ్బు సరిగ్గా కనబడదు, దాని తీవ్రతను అంచనా కట్టడమూ కష్టమవుతుంది. రక్తపరీక్ష రిపోర్టులో తేడా ఉన్న మనిషికి కారణం తేలకముందు స్టెరాయిడ్ వేయొద్దని అడిగే హక్కు మీకుంది. ఇప్పటికే వేశారంటే ఆ చీటీ భద్రంగా ఉంచి క్యాన్సర్ డాక్టర్‌కు చూపించండి, ఆ సంగతి దాచకండి.

తెలిసిన మొదటి పది రోజులు

అక్యూట్ అంటే వేగంగా ముదిరేది. ఆ మాట ఉన్న లుకేమియాల్లో రోజులు లెక్క. ఏపీఎల్ అనే రకంలో అయితే మొదటి రోజుల్లో జరిగే రక్తస్రావమే ప్రాణం మీదకు తెస్తుంది. ఆ గండం దాటితే బాగా నయమయ్యే రకాల్లో అదొకటి. అందుకే పది ఆస్పత్రులు తిరిగి పది అభిప్రాయాలు తీసుకునే వ్యవధి ఉండదు. క్రానిక్ అనే, మెల్లగా పెరిగే రకాల్లో, మైలోమాలో నిదానంగా ఆలోచించుకోవడానికి కొంత సమయం ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి డాక్టర్‌ను నేరుగా అడగండి: "ఎన్ని రోజుల్లో మందు మొదలుపెట్టాలండీ?"

ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు భవనాన్ని చూడకండి. హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టర్) లేదా మెడికల్ ఆంకాలజిస్టు (క్యాన్సర్ మందుల డాక్టర్) రోజూ ఉంటారా, ప్లేట్‌లెట్లు తీసే యంత్రం ఉన్న బ్లడ్‌బ్యాంకు దగ్గర్లో ఉందా, అర్ధరాత్రి జ్వరం వస్తే చేర్చుకుంటారా, ఈ మూడూ అడగండి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్టలోని నిమ్స్, బంజారాహిల్స్‌లోని బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా ఆస్పత్రి మనవాళ్లకు ఎక్కువగా తెలిసినవి. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి వెళ్తుంటారు. ఎంత పేరున్నదైనా మందు మొదలయ్యాక నెలల తరబడి రాకపోకలు ఉంటాయి కాబట్టి దూరం, బస కూడా లెక్కలోకి తీసుకోండి.

డబ్బు సంగతి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రెండుచోట్లా ఆస్పత్రిలో ఈ పథకానికి ఒక డెస్క్ ఉంటుంది, అక్కడ పథకం తరఫున సాయం చేసే మనిషి కూర్చుంటారు, మిత్ర అంటారు. నగదు కట్టి చేరిపోకముందే రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ముందు ఆ డెస్క్ దగ్గరికి వెళ్లాలి. ఏ ప్యాకేజీ కింద ఏమేం వస్తాయి, ఏవి రావు, మందులు బయట కొనాల్సి వస్తుందా అని కాగితం మీద రాయించుకోండి. 104కు ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు. పథకంలోకి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. చికిత్సకు ముందే ఆస్పత్రి అంచనా పత్రంతో ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకు ప్రభుత్వ హామీ పత్రం, తెచ్చుకోవడం ఒక దారి, కట్టేసిన బిల్లులతో తర్వాత దరఖాస్తు చేయడం ఇంకో దారి. రెంటికీ ఎమ్మెల్యే కార్యాలయం చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడు రోగి భర్తో తల్లో చేయలేరు. ఈ పని మీరు తీసుకోండి. నన్నడిగితే ఒక బంధువు చేయగల అతి పెద్ద సాయం ఇదే.

అలాగే ఒక దళసరి ఫైలు కొనండి. మజ్జ రిపోర్టు, ఫ్లో సైటోమెట్రీ, జన్యు పరీక్షలు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వరసలో పెట్టండి. ఇంకో నోటుబుక్కులో తేదీ వేసి హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడు గడులుగా రాస్తూ వెళ్లండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో కొత్త డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలకు ఆ పుస్తకమే జవాబు. అన్ని కాగితాలూ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే ఒకరికి రైల్వే రాయితీ ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు మనిషికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి ఇచ్చే నిర్ణీత ఫారం మీద డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి.

పెళ్లి కాని కుర్రవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు మొహమాటంతో అడగని ప్రశ్న ఒకటుంది. కీమో వల్ల కొందరికి పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతింటుంది. మందు మొదలవకముందే వీర్యాన్ని భద్రపరచుకోవచ్చు. ఆడపిల్లలకూ మార్గాలున్నాయి గానీ అవి కొంచెం సమయం తీసుకుంటాయి. తల్లిదండ్రులు అడగలేకపోతే బాబాయో మేనమామో డాక్టర్‌ను పక్కకు పిలిచి అడగాలి.

రక్తం, ప్లేట్‌లెట్లు: ఇక్కడే మీ అవసరం ఎక్కువ

కీమో జబ్బు కణాలతో పాటు మంచి కణాలనూ పడేస్తుంది. మజ్జ తేరుకునేదాకా మనిషి ఇతరుల రక్తం మీద బతకాలి. ఎర్రరక్తాన్ని చల్లగా ఉంచి నెలకు పైగా నిల్వ చేయొచ్చు. ప్లేట్‌లెట్లు మాత్రం 5 రోజులే ఉంటాయి, అవి కూడా గది వేడిలో కదుపుతూ ఉంచితే. కాబట్టి పోయిన వారం క్యాంపులో ఎంతమంది రక్తమిచ్చినా ఈ వారం ప్లేట్‌లెట్లకు కొత్త దాతే కావాలి. సంక్రాంతికి, దసరాకు ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు, పరీక్షలప్పుడు దాతలు దొరకరు. ఆ వారాలకు ముందే మనుషుల్ని మాట్లాడిపెట్టుకోవాలి.

ఆస్పత్రిలో ఎస్‌డీపీ అనే మాట వింటారు. ఒకే దాత నుంచి యంత్రం ద్వారా ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకుని మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపే పద్ధతి అది. గంట నుంచి రెండు గంటలు పడుతుంది. మామూలు రక్తదానాల నుంచి వేరుచేసిన ఐదారు యూనిట్లకు ఒక్క ఎస్‌డీపీ సమానం. ఇచ్చే మనిషికి 18 ఏళ్లు దాటి ఉండాలి, బరువు 50 కిలోలకు పైన, ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైన, చేతి నరం బాగా కనబడాలి, మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. ఏడాదిలోపు పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లు పనికిరారు. రక్తం ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. ప్లేట్‌లెట్లకు అంత విరామం అక్కర్లేదు. 48 గంటలు గడిచాక మళ్లీ ఇవ్వొచ్చు, వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించకూడదు.

దాతల జాబితా ఇలా తయారుచేయండి. ముందు రోగి చేరిన ఆస్పత్రికి గంట దూరంలో ఉన్నవాళ్లనే రాయండి. ఒంగోల్లో ఉన్న అన్నయ్య ఎంత ప్రేమగా వస్తానన్నా రాత్రి పదకొండింటికి హైదరాబాద్‌లో పనికిరాడు. హాస్టల్ పిల్లలు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ బృందాలు, ఐటీ కంపెనీల గ్రూపులు, పోలీసు బెటాలియన్లు, ఇవి నమ్మకమైన చోట్లు. జాబితాలో పేరు, గ్రూపు, ఫోన్, బరువు, కిందటిసారి ఇచ్చిన తేదీ, ఏ వేళల్లో రాగలరు అన్నవి ఉండాలి. అందరినీ ఒకేసారి పిలవకండి. అందరూ ఒకే రోజు రక్తమిచ్చేస్తే తర్వాత మూడు నెలలు మీ చేతిలో ఎవరూ ఉండరు. ఇద్దరిని పిలవండి, ఒకరిని సిద్ధంగా ఉంచండి. దాతను తీసుకెళ్లి, టిఫిన్ పెట్టించి, తిరిగి దింపే మనిషి ఒకరుంటే ఆ దాత రెండోసారి కూడా వస్తాడు.

వాట్సాప్‌లో పెట్టే సందేశం ఇలా ఉండాలి: "తేదీ ఫలానా. ఫలానా ఆస్పత్రి, వార్డు, రోగి నమోదు సంఖ్య. గ్రూపు ఫలానా. కావాల్సింది ఎస్‌డీపీ ప్లేట్‌లెట్లు, ఒక దాత. ఈ రోజు సాయంత్రం ఆరులోగా. అటెండర్ పేరు, ఫోన్." రోగి ఫోటో, పాప ఏడుస్తున్న వీడియో అక్కర్లేదు. దాత దొరకగానే అదే గ్రూపులో "అవసరం తీరింది" అని తప్పకుండా రాయండి. తేదీ లేని సందేశం ఏళ్ల తరబడి తిరుగుతుంది. అందులోని నంబరు ఒక్కోసారి ఇక లేని మనిషి తండ్రిది అవుతుంది. ఆ ఫోన్ ఎత్తే తండ్రిని తలుచుకుని అయినా తేదీ వేయండి. మీకు అలాంటి సందేశం వస్తే పంపేముందు ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ఏ బ్లడ్‌బ్యాంకులో ఏ గ్రూపు ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోష్‌లో చూడొచ్చు. డబ్బు తీసుకుని రక్తమిస్తానని ఆస్పత్రి గేటు దగ్గర ఎవరైనా కలిస్తే ఒప్పుకోకండి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో అమ్ముకునే రక్తం మీద నిషేధం వచ్చింది, 1998 నుంచి అమల్లో ఉంది. బ్లడ్‌బ్యాంకు పరీక్షలకు, కిట్‌కు తీసుకునే రుసుము వేరు, దానికి రసీదు ఇస్తారు.

చాలామందికి తెలియని ముఖ్యమైన మాట ఇంకొకటి. మూలకణ మార్పిడి (రక్తకణాలను పుట్టించే కణాలను ఇంకొకరి నుంచి తీసి ఎక్కించడం) చేయాల్సి రావచ్చని డాక్టర్ అన్నారంటే, రోగి తోబుట్టువులు, తల్లిదండ్రులు, పిల్లలు వాళ్లకు రక్తంగానీ ప్లేట్‌లెట్లుగానీ ఇవ్వకూడదు. రేపు వాళ్లలో ఎవరో ఒకరు మూలకణాల దాత కావాల్సి వస్తే, ముందే ఎక్కించిన వాళ్ల రక్తం వల్ల శరీరం ఆ కణాలను తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. దగ్గరి బంధువుల రక్తంతో వచ్చే వేరే ప్రమాదం కూడా ఒకటుంది, దాన్ని తప్పించడానికి రక్తానికి రేడియేషన్ ఇచ్చి ఎక్కిస్తారు. మన ఇళ్లలో "సొంత తమ్ముడుండగా బయటివాళ్లెందుకు" అంటారు. ఇక్కడ బయటివాళ్లే కావాలి. తమ్ముడు ఇంకో రోగికి రక్తమివ్వొచ్చు.

మూలకణ దాతగా నమోదు కావాలనుకుంటే

కొందరికి కీమో ఒక్కటే చాలదు. ఇంకొకరి మూలకణాలు కావాలి. దీనికి చూసేది ఏ, బీ, ఓ గ్రూపులు కావు, హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలున్న కుటుంబాల్లో తోబుట్టువులతో కలవకపోయినా దగ్గరి బంధువుల్లో ఒక్కోసారి దొరుకుతారు, కాబట్టి వాళ్ల సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. ఈ మధ్య తల్లి, తండ్రి, పిల్లల నుంచి సగం కలిసినా మార్పిడి చేస్తున్నారు. ఇంట్లో ఎవరూ కుదరకపోతే రిజిస్ట్రీలో వెతుకుతారు.

ఈ గుర్తులు పూర్వీకుల నుంచి వస్తాయి. తెలుగు రోగికి కలిసే మనిషి తెలుగువాళ్లలోనే దొరికే అవకాశం ఎక్కువ. జర్మనీ, అమెరికా రిజిస్ట్రీల్లో లక్షలమంది ఉన్నా మనవాళ్లకు అక్కడ దొరకడం కష్టం. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి, బెంగళూరు కేంద్రంగా పనిచేసే డీకేఎంఎస్ ఇండియా మన దేశంలో నమోదు చేసుకుంటున్నాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో, సిడ్నీలో ఉన్న మన పిల్లలు అక్కడి రిజిస్ట్రీలో చేరినా ఫలితం ఒక్కటే, ఎందుకంటే రిజిస్ట్రీలు దేశాల మధ్య వెతుక్కుంటాయి. అమెరికాలోని తెలుగు సంఘాలైన తానా, ఆటా సభలకు వేలల్లో తెలుగువాళ్లు చేరతారు. అలాంటి చోట నమోదు బల్ల ఒకటి వేయించడం విదేశాల్లో ఉన్నవాళ్లు చేయగల మంచి పని.

మన దేశంలో 18 నుంచి 50 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నమోదు కావొచ్చు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఇస్తే చాలు. ఎవరితోనైనా కలిస్తే అప్పుడు పిలుస్తారు. జీవితాంతం పిలుపు రాకపోవచ్చు కూడా. వస్తే, ఎక్కువసార్లు జరిగేది ఇదీ: నాలుగైదు రోజులు రోజూ ఒక ఇంజెక్షన్ వేస్తారు, ఒళ్లునొప్పులు, తలనొప్పి రావచ్చు. తర్వాత ప్లేట్‌లెట్లు తీసినట్టే యంత్రం మీద కొన్ని గంటలు కూర్చోబెట్టి తీస్తారు. వెన్నులో సూది గుచ్చుతారన్నది అపోహ. కొద్దిమందికి మజ్జ నుంచి తీయాల్సి వచ్చినా అది తుంటి ఎముక నుంచి, మత్తు ఇచ్చాకే.

నమోదు శిబిరంలో ఫోటోల కోసం పేర్లు రాయించకండి. పిలుపు వచ్చాక "ఇంట్లో ఒప్పుకోవట్లేదు" అని తప్పుకునేవాళ్లున్నారు. మార్పిడికి కొన్ని రోజుల ముందు రోగి మజ్జను మందులతో పూర్తిగా తుడిచేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే రోగికి ఇక వెనక్కి దారి లేదు. అందుకని నమోదుకు ముందే భార్యతో, భర్తతో, అమ్మానాన్నలతో మాట్లాడుకోండి. ఒప్పించలేనని అనిపిస్తే రక్తదాతగా ఉండిపోండి, అదీ గొప్ప సాయమే.

పరామర్శకు వెళ్తే

తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో మామూలు జలుబు కూడా ఆ మనిషిని ఐసీయూకు పంపగలదు. ముందు ఫోన్ చేసి రావచ్చా అని అడగండి. రావద్దంటే నొచ్చుకోకండి. వెళ్తే ఒక్కరే వెళ్లండి, మాస్కు పెట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ ఇంట్లో ఎవరికి దగ్గున్నా వాయిదా వేయండి. పూలు, కోసిన పండ్లు, బయటి స్వీట్లు తీసుకెళ్లకండి. గుడి నుంచి తెచ్చిన ప్రసాదాన్ని దేవుడి దగ్గర పెట్టమనండి, కౌంట్లు పెరిగాక డాక్టర్‌ను అడిగి పెట్టొచ్చు. తీర్థం మాత్రం వద్దు, కాచని నీళ్లు కదా.

ఫలానావాళ్లకూ ఇదే వచ్చి పోయారన్న కబురు ఆ గుమ్మం బయటే వదిలేయండి. పసరు మందు, బొప్పాయి ఆకు రసం, ఏదో కొండ మీది వైద్యుడి పొడి, ఇవి కూడా. కీమో మందులకు ఇప్పటికే కాలేయం మీద భారం ఉంటుంది, తెలియని పొడి దాన్ని కూలదోయగలదు. పచ్చి ఆకు రసంలో ఉండే సూక్ష్మక్రిములు ఇంకో ప్రమాదం. ఇంట్లో ఇప్పటికే ఏదైనా వాడుతుంటే తిట్టకుండా, డాక్టర్‌కు చెప్పమని ఒప్పించండి.

"ఏం కావాలన్నా అడుగు" అనే బదులు పనిని, రోజును మీరే చెప్పండి. "వదినా, గురువారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆస్పత్రిలో నేను కూర్చుంటా. నువ్వు ఇంటికెళ్లి తలస్నానం చేసి పడుకో." "అత్తయ్యా, చంటిదాన్ని నెలాఖరు దాకా బడికి మేమే దింపుతాం." ఇలా అంటే అవతలివాళ్లకు వద్దనడానికి మొహమాటం ఉండదు, సరేననడానికీ ఉండదు.

మీరు అటెండర్‌గా కూర్చున్నప్పుడు ఒక్క నియమం. ఒళ్లు 100.4 డిగ్రీలు దాటిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. ఇంట్లో ఉంటే వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి, దారిలోనే ఫోన్ చేసి "కీమో పేషెంట్, కౌంట్లు తక్కువ, జ్వరం" అని చెప్పాలి. యాంటీబయాటిక్ మొదటి గంటలో పడితే బతికే అవకాశం వేరుగా ఉంటుంది. ఆ ఇంటికి డిజిటల్ థర్మామీటరు ఒకటి, రాత్రి వచ్చే ఆటో లేదా కారు డ్రైవర్ నంబరు ఒకటి మీరే ఏర్పాటు చేయండి. నొప్పికి బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా ఇవ్వకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. కండకు ఇంజెక్షన్ కూడా డాక్టర్ చెప్తేనే.

మూడో నెల దాటాక

ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతాయి, మందుబిళ్లలు మొదలవుతాయి. బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. చికిత్స మధ్యలో ఆగిపోయే ప్రమాదం సరిగ్గా ఇప్పుడే. పొలం పనులు, అప్పులు, బస్సు చార్జీలు, జుట్టు మళ్లీ వచ్చిందన్న ధైర్యం. "ఇక బాగానే ఉన్నాడు కదా" అనే మాట మీ నోట రానివ్వకండి. నెలకోసారి ఆస్పత్రికి తీసుకెళ్లే బాధ్యత నలుగురు పంచుకోండి. క్యాలెండర్ మీద తేదీ పక్కన పేరు రాయండి.

ఏఎల్ఎల్ పిల్లలకు ఈ దశలో రోజూ ఒక బిళ్ల, వారానికి ఒక్కసారే వేసే మెథోట్రెక్సేట్ ఉంటాయి. వారానికోసారి వేయాల్సిన ఈ బిళ్లను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. వారంలో ఏ రోజు వేయాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఈ మందు వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు చికిత్స మొదలుపెట్టాడు. మెథోట్రెక్సేట్ ఆ వరసలోనిదే. మందు మింగనని మొండికేసే పిల్లవాడికి ఈ కథ చెప్పి చూడండి.

సీఎంఎల్ అనే క్రానిక్ రకం లుకేమియాలో పెద్దవాళ్లు ఇమాటినిబ్ లాంటి బిళ్ల రోజూ వేసుకుంటూ ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఈ మందు మీద నోవార్టిస్ కంపెనీ వేసిన పేటెంట్ కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఇచ్చిన తీర్పు తర్వాత కూడా మన దేశంలో ఇది జనరిక్‌గా చవగ్గా దొరుకుతోంది. ఒంట్లో బాగుందని డాక్టర్‌కు చెప్పకుండా మానేస్తే జబ్బు తిరగబడుతుంది, అప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చు.

టీచర్లకు ఒక మాట. బిడ్డ బడికి తిరిగొచ్చే ముందు రోజు క్లాసులో పిల్లలకు చెప్పండి: ఇది అంటుకునే జబ్బు కాదు, పక్కన కూర్చోవచ్చు, మందు వల్ల జుట్టు ఊడింది, మళ్లీ వస్తుంది. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు కనబడితే అదే రోజు ఆ తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్తే అడ్డుకునే మందులున్నాయి. పల్స్ పోలియో ఆదివారం నాడు ఆ ఇంట్లో తమ్ముడికో చెల్లికో చుక్కలు వేసే ముందు క్యాన్సర్ డాక్టర్‌ను అడగమని ఆశా కార్యకర్తకు గుర్తుచేయండి.

చికిత్స కోసం ఊరు వదిలి వచ్చిన పిల్లల కుటుంబాలకు హైదరాబాద్, విశాఖల్లో సెయింట్ జూడ్ సంస్థ కేంద్రాలు ఉచితంగా బస ఇస్తున్నాయి. ఆస్పత్రి సామాజిక కార్యకర్త ద్వారా వెళ్లాలి.

ఊళ్లో నలుగురికీ తెలియజెప్పాలంటే

ముందు ఒకటి తెలుసుకోండి. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు చేసినట్టు ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ముందస్తు పరీక్ష చేసి బ్లడ్ క్యాన్సర్‌ను పట్టే పద్ధతి లేదు. ఊరందరికీ సీబీపీ క్యాంపు పెట్టి డబ్బు ఖర్చుచేయకండి. ఆ డబ్బుతో లక్షణాల కరపత్రం ఒక పేజీలో వేయించండి. దాన్ని ముందు ఆర్‌ఎంపీలకు, మెడికల్ షాపుల వాళ్లకు, ఏఎన్‌ఎంలకు, ఆశాలకు, పీఈటీ సార్లకు ఇవ్వండి. రోగి మొదట తట్టేది వాళ్ల తలుపే. ఆర్‌ఎంపీని అందరిముందు తప్పుపడితే మళ్లీ మీ మాట వినడు. ఆయన్ను సభలో ముందు వరసలో కూర్చోబెట్టి, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు చేతికివ్వండి.

సభలో చెప్పాల్సినవి మూడు నాలుగు మాటలే. ఇది అంటుకోదు. ఎక్కువ రకాలు తల్లిదండ్రుల నుంచి రావు, కాబట్టి అక్కకు వచ్చిందని చెల్లెలి సంబంధం చెడగొట్టకూడదు. చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేం, తల్లి తిండిలో తప్పో పాపఫలమో కాదు. చాలా రకాలకు మంచి మందులున్నాయి. పూర్తయ్యేదాకా వాడాలి. కుదిరితే చికిత్స పూర్తిచేసుకున్న మనిషినే మాట్లాడించండి, వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. ఊళ్లో దాచుకుంటున్న కుటుంబం ఉంటే వాళ్ల పేరు ఎత్తకండి.

తేదీ కావాలంటే మే 28 ప్రపంచ బ్లడ్ క్యాన్సర్ దినం. జూన్ 14 రక్తదాతల దినం. సెప్టెంబరు అంతా బ్లడ్ క్యాన్సర్ అవగాహన మాసమే. 22వ తేదీ సీఎంఎల్‌కు ప్రత్యేకం, ఆ జబ్బులో 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి ఆ రోజు పెట్టారు. మన పల్లెల్లో మే నెలలో ఎండకు ఎవరూ రారు, సెప్టెంబరు మేలు. వినాయక చవితి పందిళ్లలో ఒక సాయంత్రం అరగంట అడిగితే ఏ కమిటీ కాదనదు.

సభ అయిన రాత్రే, జనం ఇంకా కుర్చీలు సర్దుతుండగానే, దాతల జాబితా మొదలుపెట్టండి. గ్రూపు తెలియనివాళ్లకు పరీక్ష ఏ రోజు, ఎక్కడ అని అప్పుడే చెప్పేయండి. జాబితా ఇద్దరి దగ్గర ఉండాలి. ఆరు నెలలకోసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నంబరు మారిందా, ఊళ్లోనే ఉన్నారా, కిందటిసారి ఎప్పుడిచ్చారు అని సరిచూసుకోండి.